కాలు ఊపని మనిషి

మా ఆయనకి కూర్చుంటే కాలు ఊపే అలవాటు. కుర్చీలో కూర్చున్నా, అరుగు మీద కూర్చున్నా, పెళ్ళిభోజనంలో బంతిన కూర్చున్నా కుడికాలు ఆడుతూనే ఉండేది. కాలు ఊపితే ఇంట్లో లక్ష్మి నిలవదని మా అత్తగారు మోకాలి మీద కొట్టేది. ఆవిడ పోయాక ఆ ఉద్యోగం నాకొచ్చింది. అలాంటి మనిషి ఒకనాడు కాలు ఊపడం మానేశాడు. ఇన్నేళ్ళకి నా మాట నెగ్గిందని మురిసిపోయి వీధి చివర వినాయకుడికి కొబ్బరికాయ కొట్టి వచ్చాను. నాలాంటి తెలివితక్కువది ఇంకొకతె ఉండదు.

నా పేరు పుణ్యవతి. భీమిలిలో ఒక హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. మా ఆయన తవిటినాయుడు మంచినీళ్ళ పంపుహౌసులో ఫిట్టరుగా చేసి, ముందుగానే రిటైరయ్యాడు. ఎక్కడైనా కుళాయి బొట్టుబొట్టుగా కారుతుంటే ఆయనకి కూర్చోబుద్ధి కాదు. చుట్టాలింటికి వెళ్ళినా రెంచీ అడిగి తీసుకుని బిగించి వచ్చే రకం.

ఆ వంశంలో మగవాళ్ళ రక్తంలోనే కొవ్వు ఉంది. మా మామగారు యాభై దాటలేదు, బావగారు యాభై చూడలేదు. ఇద్దరూ గుండె పట్టుకుని ఒరిగిపోయినవాళ్ళే. ఆ భయంతో ఈయన పెళ్ళికి ముందు నుంచే రోజూ లైట్‌హౌసు దాకా నడిచేవాడు. భయంతో మొదలైన నడక పోనుపోను ఇష్టమైంది. వాన పడినా మానేవాడు కాదు. కొవ్వు తగ్గే మాత్రలు మొదలుపెట్టాక తొడలు పట్టేసి నడవలేకపోయాడు. మాత్ర మానేసి నడుస్తానంటాడు, డాక్టరు నడక తగ్గించినా సరే మాత్ర మానొద్దంటాడు. ఆయనతో నడిచే మిగతా స్నేహితులకి ఆ బాధ లేదు. మాత్ర వేసుకుంటున్నాం కదా, ఇక గుండె సంగతి అదే చూసుకుంటుందని వాళ్ళు నడక మాని బజ్జీల బండి దగ్గర చేరారు.

అలాంటప్పుడు డాక్టర్ కాదంబరి మా జీవితంలోకి వచ్చింది. విశాఖలో కొండవాలున ఒక పరిశోధనాలయం నడుపుతోంది. నలభై నిండని మనిషి, మాట మెత్తన, పట్టు గట్టిది. ఏడాదికి రెండుసార్లు ఇచ్చే ఇంజక్షన్ కనిపెట్టింది. అది కాలేయంలో దూరి, కొవ్వు పోగయ్యే మీట ఏదుందో దాన్ని కట్టేస్తుందని చెప్పింది. మందు మొదలుపెట్టగానే జనం ఒళ్ళు కదపడం మానేస్తారేమోనని ఆవిడకి అనుమానం. అందుకని మందు తీసుకునేవాళ్ళ చేతికి ఒక పట్టీ కట్టి ఎవరెంత నడుస్తున్నారో రోజూ చూసేది. ఒంటరివాళ్ళని తీసుకోలేదు. ఇంట్లో కనిపెట్టుకుని ఉండే మనిషి ఉండాలని నియమం పెట్టింది. అంటే ఏముంది, అందరికీ భార్యలున్నారు.

మొదటి ఇంజక్షన్‌తోనే ఆయన రక్తం చిన్నపిల్లాడి రక్తంలా అయిపోయింది. తొడల నొప్పి లేదు. రెండోది కూడా అయింది. మూణ్ణెల్లకోసారి పరిశోధనాలయానికి వెళితే నర్సు వరండాలో నిలబెట్టి నడవమనేది, ఆయన చకచకా నడిచి చూపించేవాడు. పట్టీలో లెక్కలు చూసి కాదంబరి తెగ సంతోషించింది. అందరికంటే మా ఆయనే బాగా నడుస్తున్నాడట. వచ్చినవాళ్ళందరికీ ఆయన్ని చూపించేది. నేను కొంగు సర్దుకుని పక్కన నిలబడేదాన్ని.

ఆయన ఎందుకు నడుస్తున్నాడో నాకు అప్పుడు తెలియదు. నా గొంతు గురించి కాస్త చెప్పాలి. మైకు లేకుండా గ్రౌండు అవతల ఉన్న పిల్లాణ్ణి కూడా ఆపగలను. ఆ అలవాటు ఇంట్లో మాత్రం ఎక్కడికి పోతుంది? తెల్లారితే మొదలు. లెగండి, మొహం కడుక్కోండి, లైట్‌హౌసు దాకా వెళ్ళి రండి, స్నానం చేయండి, తినండి. ఇదివరకు ఈ మాటల్లో సగానికి విసుక్కునేవాడు. మందు మొదలయ్యాక ఒక్కసారీ విసుక్కోలేదు, చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. పక్కింటి వాళ్ళు నన్ను అదృష్టవంతురాలివన్నారు. నేనూ కాదనలేదు.

వేసవి సెలవులకి ముందు నా గొంతు బొంగురుపోయింది. గొంతు డాక్టరు లోపల కెమెరా పెట్టి చూసి, స్వరతంతువుల మీద కాయలు కాశాయన్నాడు. అరిచి బతికే వాళ్ళకి వచ్చే జబ్బట. ఆపరేషన్ చేసి, పుండు మానేదాకా ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నాడు. గుసగుస కూడా కుదరదు, ఈలోగా అరిచావా, తంతువు చిరిగి గొంతు ఇక రాదు అని బెదిరించి పంపాడు. ఇంటికొస్తూ నేనొక పలక కొనుక్కున్నాను.

మర్నాడు పొద్దెక్కినా ఆయన మంచం దిగలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. పైకప్పు వంక చూస్తున్నాడు. సరే, రోజూ నేను నిద్ర పాడు చేస్తున్నాను, ఇవాళ పడుకోనీ అనుకున్నాను. నేను ఇడ్లీ పెట్టి పలక మీద తినమని రాసి చూపిస్తే లేచి తిన్నాడు. తిన్న చోటే కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా ఆ పీట మీదే ఉన్నాడు. నా మీద కోపమేమో అనుకున్నాను. సాయంత్రానికి, నా గొంతు పోయిందన్న దిగులేమో అనుకున్నాను. అనుకోవడానికేం, ఎన్నయినా అనుకోవచ్చు.

కాదంబరి ఫోన్ చేసింది. నేను మాట్లాడకూడదని తెలుసు కాబట్టి తనే చెప్పుకుపోయింది. పట్టీలో నడక ఒక్కసారిగా పడిపోయిందని, భార్యకి ఒంట్లో బాగోకపోతే మగవాళ్ళు ఇలాగే డీలా పడతారని, కొన్నాళ్ళు పోతే సర్దుకుంటుందని ధైర్యం చెప్పింది. ఆవిడకీ ఒక కారణం దొరికింది, నాకూ ఒక కారణం దొరికింది. ఆ వారమంతా పెరట్లో కుళాయి కారుతూనే ఉంది. ఆయన దాని వంక చూసేవాడు, లేచి కట్టేవాడు కాదు. దాని కింద నేనే బకెట్టు పెట్టుకున్నాను.

గొంతు చూపించుకోవడానికి విశాఖ వెళ్ళాల్సిన రోజు కరెంటు పోయింది. ఇంట్లో ఉక్కగా ఉంది. పలక మీద, పెరట్లో మునగచెట్టు కింద కూర్చోండి, గాలొస్తుంది అని రాశాను. ఆయన వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. పక్కన గట్టు మీద చెంబుతో నీళ్ళు పెట్టి బస్సెక్కాను.

తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. తలుపు తోసి లోపలికి వెళితే ఇల్లు ఖాళీగా ఉంది. పెరటి గుమ్మంలోకి వచ్చి అక్కడే ఆగిపోయాను. మునగచెట్టు నీడ గోడ వైపు జరిగిపోయింది. ఆయన జరగలేదు. నడిఎండలో, నేను కూర్చోమన్న కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఉన్నాడు. మొహం కందిపోయింది. పెదాలు తెల్లగా ఎండిపోయాయి, కళ్ళు మూసుకుపోయి ఉన్నాయి. చెంబులో నీళ్ళు నేను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నీడ ఆయనకి రెండు అడుగుల దూరంలో ఉంది.

పరుగెత్తి భుజం పట్టుకుంటే ఒళ్ళు పెనంలా కాలింది. కుదిపాను. తల ఊగింది కానీ కళ్ళు తెరవలేదు. చంకల కింద చేతులు వేసి లాగాను. ఆయనది భారీ శరీరం, కుర్చీ వంకర తిరిగింది తప్ప కదల్లేదు. చప్పట్లు కొట్టాను. లోపలికి వెళ్ళి ఈల తెచ్చి చెవి దగ్గర ఊదాను. స్కూల్లో వందలమందిని నిలబెట్టే ఈల అది. ఆయనలో ఏ కదలికా లేదు. పక్కింటివాళ్ళు ఊళ్ళో లేరు. పలక మీద రాసినా చదవడానికి కళ్ళు తెరవాలి కదా. శ్వాస పొట్టిపొట్టిగా ఆడుతోంది. ఇక ఆలోచించలేదు.

"లెగండి."

గొంతులో ఏదో చిరిగిన సంగతి నాకు తెలిసింది. ఉప్పగా నోట్లోకి వచ్చింది. ఆయన కళ్ళు తెరిచి, డ్రిల్లులో పిల్లాడిలా లేచి నిలబడ్డాడు. లోపలికి నడవమన్నాను, తూలుతూ నడిచాడు. తాగమంటే తాగాడు. పడుకోమంటే పడుకున్నాడు. ప్రతి మాటకీ నా నోట్లో రక్తం ఊరుతూనే ఉంది. అంత భయం నేను నా జన్మలో పడలేదు.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాక కాస్త తేరుకున్నాడు. ఎండ తగలడం తెలియలేదా అని పలక మీద రాసి అడిగాను.

"తెలిసిందే. సుర్రుమంది. దాహం కూడా ఏసింది. లెగాలని అనిపించలేదు పుణ్యా. నువ్వు కూకోమన్నావు గదా."

ఆ మాటలో నిష్ఠూరం ఏ కోశానా లేదు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆయన కోలుకున్నాక కాదంబరి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ ముందు ఒప్పుకోలేదు. వడదెబ్బ తగిలితే మనిషి తికమక పడతాడంది. వరండాలో నడిపించింది, చకచకా నడిచాడు. చూశారా అంది. నేను పలక తీసి పెద్ద అక్షరాలతో రాశాను. మీరు చెప్తే నడుస్తాడు, ఏమీ చెప్పకుండా చూడండి అని.

వరండా పక్కన అద్దాల గదిలో చేతులు కడుక్కునే కుళాయి ఒకటి ఉంది. నేనే వెళ్ళి దాని పిడి వదులు చేసి, సింకు తూముకి గుడ్డ కుక్కి వచ్చాను. ఆయన్ని దాని ఎదురుగా కూర్చోబెట్టి, మేమిద్దరం అద్దం ఇవతల నిలబడ్డాం. నీటిబొట్టు పడినప్పుడల్లా ఆయన కళ్ళు అటు తిరిగేవి. మళ్ళీ ముందుకి వచ్చేవి. ఇన్నేళ్ళు రెంచీ పట్టిన ఆ చేతులు ఒళ్ళో అలాగే ఉన్నాయి. కాదంబరి మొదట చేతులు కట్టుకుని చూసింది. తర్వాత అద్దానికి దగ్గరగా జరిగింది. నర్సు ఏదో అడగబోతే చెయ్యెత్తి ఆపింది. చాలాసేపటికి సింకు నిండి నేల మీదికి పొర్లింది, నీళ్ళు ఆయన కాళ్ళ దాకా వచ్చాయి. పాదాలు తడిసినా ఆయన తీయలేదు.

కాదంబరి తలుపు తీసుకుని లోపలికి వెళ్ళింది. కుళాయి కారుతోందా అని అడిగింది.

"కారతందమ్మా. పిడి వదులైపోనాది."

"బిగించొచ్చుగా?"

ఆయన ఆవిడ వంక మర్యాదగా చూశాడు. "బిగించమంటారేటి?"

బిగించమంది. లేచి ఒక్క తిప్పు తిప్పాడు, నీళ్ళు ఆగిపోయాయి. ఆయన మళ్ళీ వెళ్ళి అదే తడిలో కూర్చున్నాడు.

కాదంబరి బయటికి వచ్చి కుర్చీలో కూలబడింది. ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత వరకూ ఇదీ. మెదడు తనకి కావలసిన కొవ్వు తనే తయారు చేసుకుంటుంది. కాలేయంలో ఆగాల్సిన మందు కొంచెం కొంచెంగా అక్కడికీ చేరింది. ఎవరూ చెప్పకుండా మనిషిని కదిలించే చోటు ఒకటుంటుందట. దోమ వాలితే తోలడం, దాహమేస్తే లేవడం, ఊరికే కాలు ఊపడం, అన్నీ అక్కడి నుంచే వస్తాయి. ఆ చోటు ఎండిపోయింది. చెవినో కంటనో పడ్డ మాటకి కదిలే దారి మాత్రం బాగానే ఉంది.

పరీక్షల్లో ఎందుకు తెలియలేదో ఆవిడ చెప్పక్కర్లేదు, నాకే తెలిసిపోయింది. పరీక్షంటేనే ఎవరో చెప్పడం. ఇంటికొస్తే మేమున్నాం, చెప్పకుండా ఊరుకునే భార్య మా వైపు ఎక్కడుంది? మన ఇళ్ళలో బయటికి వెళ్ళేవాళ్ళని వెళ్ళమని కూడా అనం, వెళ్ళి రమ్మంటాం. ఆ అలవాటే ఆయన్ని రోజూ లైట్‌హౌసు దగ్గర్నుంచి ఇంటికి చేర్చింది.

"పెందుర్తిలో సన్యాసప్పడు గారని ఒకాయన ఉండేవారు," అంది కాదంబరి, నా వంక చూడకుండా. "మందు తీసుకుంటుండగానే ఆయన భార్య పోయారు. ఆ నెలలోనే ఆయనా పోయారు. బెంగ పెట్టుకుని తిండి మానేశారని అందరం అనుకున్నాం. పక్కనే అన్నం గిన్నె ఉందట టీచరు గారూ. చేతికందేంత దూరంలో."

ఆవిడ ఏడవలేదు. నాకు జాలేసింది, అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. ఆ సాయంత్రమే నర్సు చేత అన్ని ఇళ్ళకీ ఫోన్లు చేయించింది. ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళు నవ్వి ఒకే మాట అన్నారు. మా ఆయన ఎప్పుడూ అంతేనమ్మా, చెప్తే గాని కదలరు అని. ఫోను పెట్టేసిన ప్రతిసారీ ఆ నర్సు మొహం ఇంకాస్త పాలిపోయింది.

మందు ఇవ్వడం ఆ రోజే ఆపేస్తున్నానంది కాదంబరి. కానీ మా ఆయన సంగతి వేరంది. మాత్రలు నిండు మోతాదులో పడవు, ఆ రక్తం మళ్ళీ పాత దారి పడితే గుండెకి తను హామీ ఇవ్వలేనంది. పక్కన చెప్పే మనిషి ఉంటే, ప్రత్యేకంగా అనుమతి తెచ్చి ఆయన ఒక్కడికీ కొనసాగించొచ్చు. మూడో ఇంజక్షన్ వేళ దగ్గర పడింది, తేల్చుకోవాలి. మందు వేయిస్తే బతుకుతాడు, నా నోటి మీద బతుకుతాడు. ఆపితే మెల్లమెల్లగా మళ్ళీ తన ఇష్టంతో కదిలే మనిషి అవుతాడు, వాళ్ళ నాన్నా అన్నా పోయిన దారిలో కూడా పడొచ్చు.

ఇది ఆయన ప్రాణం, ఆయన్నే అడగాలనుకున్నాను. చిరిగిన గొంతులోంచి అప్పటికి గరగర మాత్రం వస్తోంది. అంతా విడమరిచి చెప్పాను.

"నువ్వెలగ చెప్తే అలగే."

అలా కాదు, మీరే ఆలోచించి మీకేం కావాలో చెప్పండి అన్నాను. అదీ ఆజ్ఞే కదా. బుద్ధిగా కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"ఎతుకుతున్నాను పుణ్యా. ఏదీ అనిపించడం నేదు."

నేను బయటికి వచ్చి వరండాలో గోడకానుకున్నాను. జన్మంతా చెప్పిన మాట వినే మొగుడు కావాలనే అనుకున్నాను. దొరికాడు. విసుక్కునే ఆ పాత మనిషి కోసం నా ప్రాణం కొట్టుకుపోయింది. నేను ముందు పోతే ఈయన పక్కన అన్నం గిన్నె ఉంటుంది, ఈయన తినడు. నేను ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో ఇద్దరి శరీరాలుంటాయి, బతికేది నేనొక్కదాన్నే. లోపలికి వెళ్ళి కాదంబరితో వద్దన్నాను. మీ ఆయన గుండె ఆగితే నన్నే కాదు, మిమ్మల్నీ మీరు క్షమించుకోలేరంది. తెలుసన్నాను.

ఇంటికొచ్చాక ఒక నియమం పెట్టుకున్నాను. తిండి, నీళ్ళు, స్నానం, ఎండ, వాన, ఒంటికి పడేంత కొద్ది మోతాదులో మాత్ర, వీటికి మాత్రం చెప్తాను. మిగతావాటికి నోరెత్తను. చెప్పకుండా ఉండటం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. పొద్దున్నే ఆయన పక్క మీద కళ్ళు తెరుచుకుని ఉంటే, లెగండి అన్న ఒక్క మాటతో లేస్తాడని తెలిసి, పళ్ళు బిగబట్టి వంటింట్లోకి పోయేదాన్ని. మొగుణ్ణి కదపకుండా మూల కూర్చోబెట్టిందని వీధిలో వాళ్ళు అన్నారు, మా ఆడపడుచు మొహాన్నే అంది. రక్తపరీక్ష చేయించిన ప్రతిసారీ కొవ్వు ఎక్కుతోంది, ఆయన మాత్రం కదలడం లేదు. గుండె జబ్బూ వచ్చి, మనిషీ తిరిగి రాకపోతే? ఆ ఆలోచన వచ్చిన రోజు అన్నం సయించేది కాదు.

వానలు వచ్చి వెళ్ళాయి. నా గొంతు రాలేదు, బళ్ళో ఈలతో నెట్టుకొస్తున్నాను. కాదంబరి వీలైనప్పుడల్లా వచ్చి ఆయన ఎదుట కూర్చుని ఊరికే చూసి వెళ్ళేది. ఒకసారి దోమ వాలితే ఆయన చెయ్యి విదిలించినట్టనిపించిందంది. నాకు నమ్మకం కలగలేదు.

చలి మొదలైంది. ఒక ఆదివారం సాయంత్రం ఆయన అరుగు మీద కూర్చున్నాడు. పక్కన కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. అరుగు మీద వేసిన చెక్క సన్నగా అదురుతోంది. లారీ ఏదైనా వెళుతోందేమోనని వీధిలోకి చూశాను. లారీ లేదు. కిందికి చూశాను. కుడికాలు ఆడుతోంది.

ఇన్నేళ్ళ అలవాటు, నా చెయ్యి మోకాలి మీద కొట్టడానికి లేచింది. గాల్లోనే ఆగిపోయింది. చిక్కుడుకాయలు ఒళ్ళోంచి జారి వీధిలో పడ్డాయి. ఆయన నా చెయ్యి చూశాడు, తన కాలు చూసుకున్నాడు, మళ్ళీ నన్ను చూశాడు.

"ఏటి, కొట్టవా?"

చెయ్యి దించి తల అడ్డంగా ఊపాను. లక్ష్మి పోతే పోనీ అనుకున్నాను. ఆయన పెరటి వైపు చెవి పెట్టి మొహం చిట్లించాడు.

"ఆ కుళాయి ఎన్నాళ్ళై కారతందే? ఇంట్లో మనుసులు నేరా?" అని విసుక్కున్నాడు. నా చెవులకి ఆ విసుగు ఎంత చల్లగా ఉందో చెప్పలేను. పెరట్లోకి వెళ్ళి బిగించి, తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చి నా ఎదుట నిలబడ్డాడు.

"లెగు పుణ్యా. లైట్‌హౌసు దాకా ఎల్లొద్దాం."

నన్ను లెగమని ఎవరైనా చెప్పి ఎన్నేళ్ళైందో. లేచాను. మొన్నటి రక్తపరీక్ష కాగితం లోపల బీరువాలోనే ఉంది, అందులో ఏముందో ఇద్దరికీ తెలుసు. ఆయన పాత పద్ధతిలో చేతులు ఊపుకుంటూ ముందు నడిచాడు, నేను చెప్పులు వేసుకుని వెనక పడ్డాను. ఇసుక మీదికి రాగానే ఇంకా వేగం పెంచాడు. నెమ్మదిగా నడవండి అన్న మాట గొంతు దాకా వచ్చింది. మింగేసి, ఆయన్ని అందుకోవడానికి నేనే అడుగు పెంచాను.